పితరుల గతి: పురుషోత్తమ చౌధరి స్మారకోపన్యాసము



కవిని స్మరించు సభలో కవిత్వమును గూర్చి మాటాడుట మర్యాద. చౌధరిగారి కీర్తనలలోని రాగతాళముల పొందికను, తెలుగు క్రైస్తవుల నాలుకలపై అవి తరతరములుగా నిలిచియున్న తీరును మీరింతకుముందు వినియే యుందురు, ఇకముందును విందురు. నేడు నేనెంచుకొన్న విషయము అంత శ్రుతిసుభగమైనది కాదు. అది మరణానంతరగతి, అందును ప్రత్యేకించి నరకము. స్మారకసభలో నరకప్రసంగ మేమని కొందరు నొచ్చుకొనవచ్చును గాని, ఆ మహనీయుని జీవితమును దగ్గరగా చూచువారికి ఈ ప్రశ్న ఆయన ఇంటి వాకిటనే నిలిచియుండెనని తోచక మానదు.

1803లో తర్లాకోట సంస్థానపు మదనాపుర అగ్రహారమున, వంగదేశమునుండి వచ్చి ఈ సీమలో స్థిరపడిన బ్రాహ్మణకుటుంబమున జన్మించి, 1833లో కటకమున బాప్తిస్మము పొంది, 1890లో దేహము చాలించువరకు సువార్తికుడుగను కవిగను జీవించిన ఆ పురుషుడు విడిచిన వానిలో కులమును, జందెమును, పంక్తిభోజనమును లోకమునకు కనబడును. కనబడనిది మరియొకటి కలదు. అట్టి కుటుంబమున పుట్టినవాడు క్రైస్తవు డగుటతోడనే అతడు పెట్టవలసిన పిండ మాగిపోవును. విడువవలసిన తిలోదకము నిలిచిపోవును. కుమారుడు శ్రాద్ధము మానినచో పితరుల గతి యేమని కుటుంబ మడుగును. క్రీస్తునామమును వినకయే కాలధర్మము నొందిన పితరుల గతి యేమని అతని నూతనమతమే అతనిని మరల నడుగును. రెండు దిక్కులనుండి వచ్చి ఒకే గుండెపై నిలిచిన ఈ ప్రశ్న, నరకాగ్ని భౌతికమా మానసికమా యను పండితవాదముకంటె బరువైనది. క్రైస్తవలోకమున రెండువేల యేండ్లుగా సాగుచున్న నరకచర్చకు మూలమున నున్నదియు ఇదియే యని నా మతము.

ఆయనకు బాప్తిస్మ మిచ్చిన కటకపు మిషనరీలు 1822లో ఒరిస్సాకు వచ్చిన ఇంగ్లండు జనరల్ బాప్తిస్టులు. క్రీస్తు కొందరికొరకు గాక అందరికొరకు మరణించెననుట వారి శాఖకు ఆయువుపట్టు. అందరికొరకు మరణించెనేని అందరును రక్షింపబడుదురా? ఈ ప్రశ్న తర్కమున తప్పించుకొనరానిది. ఆ శాఖవారు దానిని తప్పించుకొనను లేదు. వారి నూతనసమాజమును 1770లో స్థాపించిన డాన్ టేలర్, సర్వజనరక్షణవాదము నుపదేశించిన ఎల్హానన్ వించెస్టరునకు ప్రతిగా నరకదండన అనంతమని గ్రంథము వ్రాసి వాదించెను. వించెస్టరు అమెరికానుండి వచ్చిన బాప్తిస్టు బోధకుడే. లండనులో అతని పీఠము నలంకరించిన విలియం విడ్లరును బాప్తిస్టు కాపరిగా నుండినవాడే. ఆ విడ్లరును ఖండించుచు 1802లో లేఖాగ్రంథమును ప్రకటించిన ఆండ్రూ ఫుల్లరు ఎవరు? విలియం కేరీని మనదేశమునకు పంపిన బాప్తిస్టు మిషనరీ సంఘమునకు కార్యదర్శి. ఆ కేరీ పనిచేసిన శ్రీరామపురపు ముద్రాలయముననే, విశాఖపట్టణమున 1805లో దిగిన లండను మిషనరీలు ప్రారంభించిన తెలుగు సువార్తలు 1812లో అచ్చుపడెను.

ఈ వరుసను నేనింత విస్తరించి చెప్పుటకు కారణము కలదు. ఓడదిగి మన రేవులకు వచ్చిన నరకసిద్ధాంతము తిరుగులేని ఏకాభిప్రాయమై వచ్చినదని మనలో పెక్కురు తలంతురు. బోధకులును అట్లే చెప్పుదురు. కాని అది బయలుదేరిన ఇంటిలోనే అన్నదమ్ముల వ్యాజ్యముగా నుండెను. వ్యాజ్యములోని ఒక పక్షమువారి పత్రములే మనకు చేరినవి. ఎదుటి పక్షపు వాఙ్మూలములు ఓడ యెక్కలేదు. చౌధరి పుట్టుటకు ముందటి సంవత్సరమే ఫుల్లరు గ్రంథము వెలువడెననునది యాదృచ్ఛికమే కావచ్చును గాని, ఆ కాలపు వేడిని గ్రహించుటకు చాలిన ఆనవాలు.

నిత్యనరకము పరదేశపు సరుకనియు, మన పూర్వులకు అట్టి క్రూరభావన యెన్నడు లేదనియు అనువారును కలరు. ఇదియు అర్ధసత్యమే. భాగవతపు పంచమస్కంధమున ఇరువదియెనిమిది నరకములు వర్ణింపబడినవి. గరుడపురాణపు యాతనలను చావింటిలో వినని తెలుగువాడు అరుదు. అవి యన్నియు భోగావసానమున ముగియునవే. పాపమునకు తగిన కాలము గడచిన పిమ్మట జీవుడు మరల పుట్టును. కాని ఈ శ్రీకాకుళము జిల్లాలోనే శ్రీకూర్మమున, 1281 నాటి శాసనమున కీర్తింపబడిన నరహరితీర్థుని మీరు మరచితిరా? గాంగరాజుల కాలమున కళింగమున అధికారము నెరపి, మధ్వాచార్యుని శిష్యుడై ద్వైతమును ఈ తీరమున నాటిన ఆ యతివరుని సంప్రదాయము, జీవులను ముక్తియోగ్యులని, నిత్యసంసారులని, తమోయోగ్యులని మూడుగా విభజించి, మూడవవారికి అంధతమస్సునుండి ఏనాటికిని విడుదల లేదని స్పష్టముగా బోధించినది. కాబట్టి అంతము లేని నరకమను భావన బాప్తిస్టు మిషనరీలకు అయిదువందల యేండ్లకు పూర్వమే ఈ తీరమున వినబడినది. భేద మొక్కటి: మధ్వమతమున ఆ గతి జీవుని స్వభావమునుండి పుట్టును, క్రైస్తవమున మానవుని తిరస్కారమునుండి పుట్టును. ఏది కఠినతరమో మీరే విచారింపుడు. తిరస్కరించుటకైనను వినియుండవలెను గదా యను ఆక్షేపణ రెండవదానికే తగులును. మన పితరుల ప్రశ్న మరల అచటనే తలయెత్తును.

లేఖనములలోనికి పోయినచో, వాదులాడువా రందరును ఒకే పుస్తకమును చేతబట్టి నిలుచుట కనబడును. మత్తయి సువార్త ఇరువదియైదవ అధ్యాయమున నిత్యజీవమును నిత్యశిక్షయు ఒకే తూనికలో నిలిచినవి. ఒకటి అనంతమైనచో రెండవది ఎట్లు ముగియునని అగస్టీను అడిగిన ప్రశ్నకు సులభమైన ప్రత్యుత్తరము నేటికిని లేదు. ప్రకటన గ్రంథము అగ్నిగుండమును రెండవ మరణమని పేర్కొన్నది; మరణమనగా లేకుండపోవుటయే యని నాశనవాదులు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదునైదవ అధ్యాయము, తుదకు దేవుడు సర్వములో సర్వమగునని పలికినది. అట్లైనచో ఒక మూల నిత్యము మండుచున్న ద్వేషమునకు తావెక్కడిదని సర్వపునరుద్ధరణవాదులు. ఈ మూడవ పక్షమునకు ఆదిగురువు మూడవ శతాబ్దపు అలెగ్జాండ్రియా పండితుడు ఓరిజెను. 543లో జస్టినియన్ చక్రవర్తి అతని బోధను శాసనమూలమున నిషేధించెను. 553లో కాన్‌స్టాంటినోపిలు మహాసభ అతని పేరును భ్రష్టుల పట్టికలో చేర్చెను. అదే ఆశను చాటిన నిస్సావాసి గ్రెగరీ మాత్రము పరిశుద్ధుడుగనే పూజింపబడుచున్నాడు. సభలు మనుష్యులను ఖండించినంత సులభముగా ఆశలను ఖండింపలేవు కాబోలు.

అగస్టీను తన దైవనగరగ్రంథపు ఇరువదియొకటవ భాగమున నరకమునకు అంతము కోరిన దయాళువులను మందలించుచు చేసిన వాదము పశ్చిమదేశపు సంఘములకు వేయియేండ్లకు పైగా ధర్మశాస్త్ర మయ్యెను. నడుమ రోమను కథోలికులు ఉత్తరించు స్థలమను మధ్యగతిని నిర్ధారించిరి. ప్రొటెస్టంటులు దానిని త్రోసిపుచ్చిరి. త్రోసిపుచ్చుటతో చనిపోయినవారికొరకు ప్రార్థించుటయు మానవలసివచ్చినది. ఈ నష్టమెంతటిదో మన యూళ్లలో ఎరుగనివారు లేరు. 1846లో సవాయి దేశమునుండి విశాఖపట్టణమునకు వచ్చిన ఫ్రాన్సిస్ దె సేల్స్ సభ గురువుల పరంపరలోని కథోలిక కుటుంబము నవంబరు 2వ తేదీన సమాధులకడ క్రొవ్వొత్తి వెలిగించి తల్లికొరకు వేడుకొనును. హిందూ కుటుంబము పెద్దపండుగనాడు పెద్దలకు బట్టలు పెట్టుకొనును. బాప్తిస్టు కుటుంబము తల్లిని తలచుకొని దేవునికి స్తోత్రము చెల్లింపవచ్చును గాని ఆమెకొరకు ఏమియు అడుగరాదు. సిద్ధాంతరీత్యా ఇది నిర్దుష్టమే. కాని మృతునిపట్ల జీవించియున్నవారికి చేయదగినదేదియు లేకుండ చేసిన మతము, అతని గతిని గూర్చి పలుకు మాటలో ఎంత మెలకువతో నుండవలెను!

పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో ఈ చర్చ న్యాయస్థానముల కెక్కెను. నిత్యదండనను ప్రశ్నించెనను నేరమునకు 1853లో ఎఫ్. డి. మారిస్ లండను కింగ్స్ కళాశాలలో తన ఆచార్యపదవిని కోల్పోయెను. 1864లో ప్రివీ కౌన్సిలు, దుష్టులకు సైతము తుదకు క్షమ దొరకునేమో యని ఆశించుట ఆంగ్లికను గురువునకు శిక్షార్హమైన నేరము కాదని తీర్పు చెప్పెను. నరకముపై దావాను ఖర్చులతో సహా కొట్టివేసిరని ఆనాటి చమత్కారులు నవ్వుకొనిరి. 1877లో వెస్ట్‌మినిస్టరు దేవాలయమున ఫారరు నిత్యమైన ఆశను ప్రబోధించెను; మూడేండ్లకు పూసీ పండితుడు ప్రతిగ్రంథము వ్రాసెను. షరతుతో కూడిన అమరత్వమును, అనగా క్రీస్తునందున్నవారికే అమరత్వము, తక్కినవారికి నాశనమే గాని నిత్యయాతన కాదను మతమును 1846 నుండి బోధించి తొలుత బహిష్కృతుడైన ఎడ్వర్డు వైటు, 1886లో కాంగ్రిగేషనల్ యూనియనునకు అధ్యక్షు డయ్యెను. మన విశాఖ, శ్రీకాకుళములకు మిషనరీలను పంపిన లండను మిషనుకు ప్రధానమైన ఆసరా ఆ కాంగ్రిగేషనల్ సంఘములే.

ఇంతకంటె మనకు సన్నిహితమైనది రాబర్టు హ్యూము కథ. బొంబాయిలో పుట్టి, అహమ్మదునగరమున అమెరికను బోర్డను మిషనరీసంస్థ పక్షమున పనిచేయుచుండిన ఆ మిషనరీ, సెలవుపై స్వదేశమునకు పోయినపుడు, 1886లో ఆండోవరున ప్రసంగించుచు, ఈ లోకమున క్రీస్తును ఎరుగక మృతులైనవారికి మరణానంతరమున తెలిసికొను అవకాశ ముండవచ్చునను తలంపును సమర్థించెను. అతడు పుస్తకములు చదివి మాత్రమే ఈ తలంపునకు వచ్చినవాడు కాడు. మీ తాతలందరును నరకాగ్నిలో నున్నారని చెప్పి, ఆ నోటితోనే దేవుడు ప్రేమస్వరూపి యని చెప్పవలసివచ్చిన బోధకుని ఇరుకు అతనికి అనుభవైకవేద్యము. బోర్డువారు అతనిని మరల భారతదేశమునకు పంపుటకు వెనుకాడిరి. పత్రికలలో సంవత్సరము పొడుగునను వాగ్యుద్ధము నడిచెను. తుదకు 1887లో పంపిరి. ఫ్రాన్సిస్ జేవియరు 1552లో కొచ్చినునుండి వ్రాసిన లేఖలో సైతము ఈ ప్రశ్నయే కన్నీటితో కనబడును: నరకమునుండి పితరులను విడిపించు మార్గము లేదని విని జపానుదేశపు నూతనక్రైస్తవులు ఏడ్చిరనియు, వారి దుఃఖమును చూచి తానును చలించితిననియు ఆయన వ్రాసెను. మూడువందల ముప్పది యేండ్లకు పైబడిన వ్యవధిలో, ఒకరు స్పెయినువాడు, ఒకరు అమెరికనుడు, ఒకరు కథోలికుడు, ఒకరు ప్రొటెస్టంటు. అడిగినవారు మాత్రము ఆసియావాసులే, అడిగినది పితరులను గూర్చియే.

ఇరువదవ శతాబ్దమునుండి నేటివరకు గల వివరములను త్వరగా దాటుదును. నూజివీడు మొదలగు చోట్ల ఆసుపత్రులు నడిపిన ఏడవదిన అడ్వెంటిస్టులు నిత్యయాతనను నిరాకరించి నాశనవాదమునే బోధింతురు. ఆంగ్లికను సువార్తికులలో అగ్రగణ్యుడగు జాన్ స్టాటు 1988లో అదే పక్షమునకు మొగ్గి తన మిత్రులనే కలవరపెట్టెను. రోమను సంఘము 1964లో, తమ దోషము లేకయే సువార్తను ఎరుగని సజ్జనులకు రక్షణ సాధ్యమని ప్రకటించెను; బాప్తిస్మము లేక చనిపోయిన శిశువులపట్ల ఆశపడుటకు తగిన ఆధారములు కలవని 2007లో దాని వేదాంతసంఘము నిర్ణయించెను. రెండవ జాన్ పాల్ 1999 జూలైలో నరకము స్థలముకంటె దేవునికి దూరమైన స్థితి యని విశదీకరించెను. స్విట్జర్లండు పండితుడు బాల్తజారు 1986లో, సర్వులును రక్షింపబడుదురని నిశ్చయించి చెప్పుటకు మనకు హక్కు లేదు గాని, ఆశించుటకు హక్కును కలదు, బాధ్యతయు కలదనెను.

నా అభిప్రాయమును దాచను. సర్వులును తప్పక రక్షింపబడుదురను సిద్ధాంతము హృదయమునకు హాయి నిచ్చును గాని, మానవుడు కాదనుటకు గల స్వేచ్ఛను ఉత్తుత్తిదిగా చేయును. నాశనవాదము నరకమునకు సరిహద్దు గీయునే గాని, చనిపోయిన తాతను గూర్చి మనుమనికి చెప్పు మాటలో ఊరట యేమి? ఇక నిత్యదండనపక్షము లేఖనబలము గలది. దానిని త్రోసివేయుటకు నాకు సాహసము చాలదు. కాని ఆ లేఖనము లెట్టివి? ఈ తీరమునుండియే ఒక పోలిక చెప్పుదును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటి ఉద్దానపు తీరగ్రామముల కొబ్బరిని జీడితోటలను నేలకూల్చినది. తుఫానునకు ముందు రేవున ఎగురవేయు ప్రమాదసూచిక వలలు కట్టివేసి ఇల్లు చేరుమని చెప్పునదే గాని, మునిగిపోవువారి పేర్ల జాబితా కాదు. యేసు నరకమును గూర్చి పలికిన మాటలన్నియు వినుచున్నవారితో పలికినవి. మీరు తిరుగుడని పలికినవి. ధనవంతుని కథలో లాజరునకు పేరు కలదు. అగ్నిలోనున్న ధనవంతునకు లేదు. గోపురము కూలి చచ్చిన పదునెనిమిదిమందిని గూర్చి పలికినప్పుడు సైతము ఆయన మృతుల పాపమును తూచలేదు, వినుచున్నవారివైపు తిరిగెను. యోనా ప్రకటించిన నలువది దినముల గడువు తీరినను నీనెవె నిలిచియుండెను. హెచ్చరిక ఫలించుటయే అది అబద్ధమగుటకు కారణము. రోమను సంఘము వేలకొలది పరిశుద్ధులను నామధేయములతో ప్రకటించినది గాని, ఫలానా మనుష్యుడు నరకమున నున్నాడని ఒక్క పేరునైన నేటివరకు ప్రకటింపలేదు. ఆ వినయము ప్రొటెస్టంటులమగు మనకు సైతము శిరోధార్యము.

ఈ తీరపు చరిత్ర ఇట్టి వినయమునకు విరుద్ధము కాదు. 1875లో కెనడా మారిటైము ప్రాంతములనుండి వచ్చి, క్రమముగా భీమిలి, బొబ్బిలి, శ్రీకాకుళము, టెక్కలి, సోంపేటల వరకు వ్యాపించిన బాప్తిస్టుల వేదాంతము కఠినమైనదే. ఉత్తర అమెరికా బాప్తిస్టులలో విరివిగా వ్యాపించిన న్యూహాంప్‌షైరు విశ్వాసప్రకటన, చౌధరి బాప్తిస్మము పొందిన 1833లోనే వెలువడినది, దుష్టులకు అంతములేని దండన యను నిర్ణయముతోనే ముగియును. అయినను ఆ సంప్రదాయముననే పెరిగిన బెన్ గులిసన్ వైద్యుడు సోంపేట ఆరోగ్యవరమున కండ్లకు శస్త్రచికిత్స చేయుచు, గ్రుడ్డివారికి మతమడుగక చూపు నిచ్చెను. ఆయన పనిచే ప్రేరితుడై 1963లో కెనడాలోని కాల్గరీ నగరమున ఆర్ట్ జెంకిన్స్ స్థాపించిన ఆపరేషన్ ఐసైట్ సంస్థ నేటికిని దేశదేశములలో నడచుచున్నది. నరకమును నమ్మినవారు ఆసుపత్రులను కట్టిరి. నరకమును నవ్వులాటగా కొట్టివేసినవారిలో ఎందరు కట్టిరని అడుగవలెనని నాకు అప్పుడప్పుడు దురాశ పుట్టును గాని, అది వాదమునకు చాలదు.

ఇక సంఘకాపరులకు ఒక్క విన్నపము. మూత్రపిండముల వ్యాధి ఉద్దానమున ఇల్లిల్లును తొక్కుచున్నది. 2023 డిసెంబరులో పలాసలో ప్రత్యేకాసుపత్రియు పరిశోధనకేంద్రమును ప్రారంభమైనవి. అయినను వ్యాధికారణము శాస్త్రజ్ఞులకు ఇంకను పూర్తిగా అంతుపట్టలేదు. భూస్థాపనలు తరచుగా జరుగుచున్న ఈ గ్రామములలో, ఆదరణకూడికలకు వచ్చువారిలో సగముమంది బాప్తిస్మము లేనివారు. వారి తల్లిదండ్రులు కాష్ఠమున కాలినవారు. ఆ సభలలో, మృతుడు రక్షింపబడెనో లేదో యని తీర్పు చెప్పకుడు. వ్యాధి పాపఫలమని సూచింపకుడు. ఎదుట కూర్చున్న పొరుగువారి పితరులను అగ్నికి అప్పగింపకుడు. బ్రతికియున్నవారిని హెచ్చరింపుడు, అది మీ అధికారము. చనిపోయినవారిని గూర్చి తీర్పు చెప్పు అధికారము మీకును నాకును ఇయ్యబడలేదు. ఆ సమయమున ఏమి చెప్పవలెనో తోచనిచో, చౌధరిగారి కీర్తన నొకదానిని ఎత్తుకొని, సభ నంతటిని పాడనిండు.